గడ్డకట్టని నూనె

మా ల్యాబ్‌లో మనుషులకంటే రాళ్ళకి మర్యాద ఎక్కువ. రాళ్ళంటే పెద్దవి కావు. అప్పడాలకర్రలోంచి జానెడు ముక్క కోసి నున్నగా తీర్చినట్టుండేవి. భూమిలో చాలా లోతున, నూనె ఉన్న చోటునుంచి తవ్వి తీసిన ఇసుకరాయి అది. మీద నీటిచుక్క వేస్తే చూస్తుండగానే పీల్చేసుకునేది. ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డలో చుట్టి, నంబరు రాసి, చెక్కపెట్టెలో పెట్టేవాళ్ళం. చెయ్యి జారి ఒకటి విరిగితే అలాంటిది మళ్ళీ దొరకదని చేరిన మొదటిరోజే చెప్పారు. ఆ రోజు నేను పెట్టె జోలికే వెళ్ళలేదు.

తొంభైల చివరి మాట ఇది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో ఏడాదిపాటు ఖాళీగా కూర్చున్నాక రాజమండ్రిలో ఈ ఉద్యోగం దొరికింది. రెండేళ్ళ ప్రాజెక్టు. ఇసుకరాయిలోకి జెల్ ఎక్కిస్తే చమురుబావి నుంచి ఇంకాస్త నూనె వస్తుందా రాదా అన్నది ల్యాబ్‌లో తేల్చాలి. దానవాయిపేటలో ఒక మేడమీద గది అద్దెకి తీసుకున్నాను.

మా నాన్నకి ఈ పనేంటో ఒకటికి రెండుసార్లు చెప్పాల్సివచ్చింది. రాయిలో నూనె ఎక్కడుంటుందన్నది ఆయన సందేహం. రాయి నిండా కంటికి ఆనని సందులుంటాయని, నూనె వాటిలోనే ఉంటుందని, ఒక బావిలోంచి నీళ్ళు తోస్తే అవి నూనెని నెట్టుకుంటూ పక్క బావిలోకి తెస్తాయని చెప్పాను. కొన్నాళ్ళకి నీళ్ళు పెద్ద సందులకి అలవాటుపడి వాటిలోంచే పోతాయి. చిన్న సందుల్లో నూనె అలాగే ఉండిపోతుంది, బావిలోంచి నీళ్ళే ఎక్కువ వస్తాయి. అందుకని నీళ్ళలాంటి పల్చటి మందు లోపలికి పంపుతాం. అది పెద్ద సందుల్లో చేరి తాటిముంజలా గడ్డకడుతుంది. అప్పుడిక నీళ్ళు చిన్న సందుల్లోకి వెళ్ళక తప్పదు. నాన్న కాసేపు ఆలోచించి, "ఎండ్రకాయ బొరియ పూడిస్తేగానీ నీళ్ళు మడికెక్కవు. అంతే కదా," అన్నారు. అంతేనన్నాను. ఆ తరవాత ఎవరడిగినా, మా అమ్మాయి రాజమండ్రిలో ఎండ్రకాయ బొరియలు పూడుస్తోందని చెప్పేవారు.

ల్యాబ్‌లో మా పనికి ముగ్గురం. మా పెద్దసారు, నేను, పంపులూ గొట్టాలూ చూసే టెక్నీషియన్. సారు చాలా తక్కువ మాట్లాడేవారు. ఏ కాగితం ఇచ్చినా కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివి, ఎర్రపెన్సిలుతో ఎక్కడో ఒక గీత గీసి తిరిగిచ్చేవారు. ఎందుకు గీశారో మనమే కనుక్కోవాలి. టెక్నీషియన్‌ని నేను బాబాయిగారని పిలిచేదాన్ని. వాళ్ళది అంతర్వేది వైపు, వేటకెళ్ళే కుటుంబం. ఆయన మాత్రం పడవ ఇంజన్లు బాగుచేస్తూ పని నేర్చుకుని, ఆ చేతిపనితోనే ల్యాబ్‌లోకి వచ్చారు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది.

మొదటి ఏడాది అంతా సీసాలతోనే గడిచింది. జెల్‌కి కావలసిన తెల్లటి పొడిని నీళ్ళలో కలిపేటప్పుడు, ఉప్మాలో రవ్వ పోసినట్టు, కొద్దికొద్దిగా జల్లాలి. తొందరపడితే ఉండలు కడుతుంది. ఆ ఉండల్ని ఇంగ్లీషు పుస్తకాల్లో చేపకళ్ళంటారని నేను చెబితే, బాబాయిగారు ఒకటి వేలిమీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏ చేపకీ ఇలాంటి కళ్ళుండవని తేల్చేశారు. పొడి కరిగాక గడ్డకట్టించే మందు కలిపి, సీసాల్ని ఓవెన్‌లో పెట్టేదాన్ని. భూమి లోపల ఎంత వేడి ఉంటుందో ఓవెన్‌లోనూ అంత వేడి. రోజూ ఒక్కో సీసా తీసి తలకిందులు చేసి చూడాలి. జారిందా, వణికిందా, కదలకుండా నిలిచిందా అని పుస్తకంలో రాయాలి. చాలా సీసాలు రెండురోజులు గట్టిగా ఉండి మూడోరోజుకి మళ్ళీ నీరైపోయేవి. ఏడాది చివర్లో ఒకటి నిలిచింది. నెల గడిచినా కదల్లేదు. దాన్ని బల్లమీద పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ తలకిందులు చేసి చూపించేదాన్ని.

ఆ తరవాత అదే మందుని రాయిలోకి ఎక్కించాలి. రాయిని మందపాటి రబ్బరు తొడుగులో దూర్చి, ఆ తొడుగుని ఉక్కు సిలిండర్‌లో బిగిస్తాం. తొడుగుకీ సిలిండర్‌కీ మధ్య యంత్రాల్లో వాడే నూనె నింపి, చేతిపంపుతో కొట్టి ఒత్తిడి పెంచుతాం. ఆ పక్క ఒత్తిడికి రబ్బరు రాయిని గట్టిగా కరిచిపెట్టుకుంటుంది. అప్పుడు మనం పంపే నీళ్ళు పక్కనుంచి జారిపోకుండా రాయిలోంచే వెళ్ళాలి. రెండోవైపు సన్నటి గొట్టంలోంచి ఏదొస్తే అది కొలతలున్న గాజు ట్యూబుల్లో పడుతుంది. ముందు రాయిలో నూనె నింపడం, తరవాత నీళ్ళు తోయడం, నూనె ఆగిపోయి వట్టి నీళ్ళు వచ్చేదాకా చూడటం, అప్పుడు జెల్ ఎక్కించి గడ్డకట్టేదాకా రోజులకొద్దీ ఆగడం, మళ్ళీ నీళ్ళు తోయడం. ఈ రెండోసారి నూనె వస్తే మా పని ఫలించినట్టు.

మేం వాడే ముడిచమురులో మైనం ఎక్కువ. వేడిమీద నల్లగా నీళ్ళలా ఉంటుంది, చల్లారితే నెయ్యిలా పేరుకుంటుంది. పేరుకుంటే ట్యూబు కడగడం చచ్చేచావు. అందుకని వేడిగా ఉండగానే కొలత చూసి, వెంటనే కడిగేయడం నాకు అలవాటు.

రెండో ఏడాది డిసెంబరులో ఒక శుక్రవారం, జెల్ గడ్డకట్టిన రాయిలోకి మళ్ళీ నీళ్ళు తోయడం మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి నూనె కనిపించింది. ముందు ఒక చుక్క, తరవాత ఇంకొకటి, ఆ తరవాత ధారగా. నా కళ్ళు ట్యూబుమీదినుంచి కదల్లేదు. పక్క ఒత్తిడి తగ్గుతోందని, చేతిపంపు కొట్టమంటారా అని బాబాయిగారు రెండుసార్లు అడిగారు. కొట్టండి అన్నాను, రెండుసార్లూ తల తిప్పకుండానే. శనివారం మధ్యాహ్నానికి మేం ఎప్పుడూ ఊహించనంత నూనె వచ్చింది. కొలతలు రాసుకుని సారు గదిలోకి వెళ్ళాను. ఆయన కాగితం చదివారు. ఎర్రపెన్సిలు తీశారు గానీ గీత గీయలేదు, కింద సంతకం పెట్టారు. ఒక్క క్షణం ఆగి హెడ్డాఫీసుకి ఫోన్ చేసి ఆ అంకె చెప్పారు. సోమవారం తనే ల్యాబ్‌లోకి వచ్చి ట్యూబులు చూస్తానని నాతో అన్నారు.

ఆ వచ్చే గురువారమే పెద్ద ఆఫీసర్లు వస్తారని ముందే అనుకున్నారు. మా ఫలితం బాగుంటే కోనసీమలో ఒక బావిలోకి నిజంగానే జెల్ ఎక్కిస్తారు. నేల మీద నడుస్తున్నట్టు లేదు నాకు. ట్యూబులు కడగకుండా, ఏసీ గదిలో స్టాండులోనే వదిలేసి ఇంటికెళ్ళిపోయాను. ఆదివారం మేడ కింద ఉండే మా ఇంటివాళ్ళతో కోరుకొండ గుడికి వెళ్ళి, మెట్లన్నీ ఆగకుండా ఎక్కి దణ్ణం పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళేసరికి ఇంకా ఎవరూ రాలేదు. స్టాండు దగ్గరికి వెళ్ళి ట్యూబులు ఒక్కోటీ తీశాను. పోల్చి చూపడానికి ఈసారి కడగకుండా ఉంచిన, జెల్‌కి ముందు వచ్చిన నూనె ట్యూబులన్నీ పేరుకుని ఉన్నాయి. వంచినా కదల్లేదు. జెల్ తరవాత నిండిన చివరి రెండూ వంచాను. నూనె జారింది.

మంచి కారణం ఏదైనా దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికాను. జెల్‌లోని మందు మైనాన్ని విరిచేసిందేమో అనుకున్నాను. ఏసీ గాలి అటువైపు తగల్లేదేమో అనుకున్నాను. చివరికి ట్యూబు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ముడిచమురు వాసన ఉంది, దానితోపాటు ఇంకో వాసన కూడా ఉంది. బాబాయిగారి చేతిపంపు దగ్గర ఎప్పుడూ వచ్చే వాసన. పక్క ఒత్తిడి ఎందుకు తగ్గిందో అప్పుడు అర్థమైంది. రబ్బరు తొడుగు ఎక్కడో చీలింది. చుట్టూ ఉన్న యంత్రం నూనె రాయిలోకి దిగి, రాయిలోంచి నా ట్యూబుల్లోకి వచ్చింది. నేను సంబరపడి కొలిచినదాంట్లో చాలావరకు మేమే పోసిన నూనె.

ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఆ రెండు ట్యూబులూ పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళాను. కొళాయి తిప్పి, బ్రష్షుకి సబ్బు రాశాను. అంకె పుస్తకంలో ఉంది, కాగితంమీద సారు సంతకం ఉంది. ట్యూబులు కడిగేస్తే ఇక ఎవరికీ ఏమీ తెలీదు. రోజూ కడిగేవే కదా.

అప్పుడే వచ్చిన బాబాయిగారు క్యారేజీ బల్లమీద పెడుతూ చూశారు. "అయ్యి కడిగేత్తన్నారేంటండి? సారు చూత్తానన్నారు కదా," అన్నారు.

కొళాయి కట్టేశాను. ట్యూబు ఆయన చేతికిచ్చాను. ఆయన వంచి చూశారు, వాసన చూశారు, ఒక చుక్క వేలిమీద వేసుకుని రుద్దారు. ఆయనకి నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. స్పానరు తీసుకుని సిలిండరు విప్పారు. రబ్బరు తొడుగు బయటికి లాగి, రెండు చివర్లూ మూసి, గాలి ఎక్కించి, సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టు బకెట్ నీళ్ళలో ముంచారు. మధ్యలో ఒక చోట సన్నటి బుడగలు వరసగా పైకి లేచాయి. గోటితో గీసినంత చీలిక.

ఆయన బకెట్ పక్కనే ముక్కాలిపీటమీద కూలబడ్డారు. అది పాత తొడుగని, కొత్తది రావడానికి ఏడాది పడుతుందంటే తనే అటుది ఇటు తిప్పి వేసి నెట్టుకొస్తున్నానని చెప్పారు. "పెషరు పడిపోతన్నప్పుడే నేను అనుమానించాల్సిందండి. సారుకి నా పేరే చెప్పండి. మీరు చిన్నోరు, ఇంకా బోల్డంత సర్వీసుంది."

"మీరు రెండుసార్లు అడిగారు బాబాయిగారూ. చూడకుండా కొట్టమన్నది నేను," అన్నాను.

ఇద్దరం కలిసే వెళ్ళాం. సారు అప్పుడే వచ్చి కుర్చీలో కూర్చుంటున్నారు. ట్యూబులు, తొడుగు ఆయన బల్లమీద పెట్టి, జరిగినదంతా చెప్పాను. ఆయన అడ్డు రాలేదు. నేను ఆపాక చివరి ట్యూబు తీసుకుని నెమ్మదిగా అటూ ఇటూ వంచారు.

"ఇది కడిగేస్తే నాకు తెలిసేది కాదు కదమ్మా," అన్నారు.

"కడగబోయానండి," అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలీదు. అంతదాకా చెప్పాక అదొక్కటీ దాచడం చాతకాలేదు. ఆయన నావైపు ఒకసారి చూసి ట్యూబు కింద పెట్టారు. ఫోను దగ్గరికి లాక్కుని, మేం అక్కడ నిలబడి ఉండగానే హెడ్డాఫీసుకి నంబరు తిప్పారు. అవతలివాళ్ళు దొరకడానికి చాలాసేపు పట్టింది. నా ఉద్యోగం అయిపోయిందని, నాన్నకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ గోడనున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను.

"శనివారం నేను చెప్పిన అంకె వెనక్కి తీసుకుంటున్నానండి. నేను సరిచూసుకోకుండా చెప్పాను. నాకు నెల్లాళ్ళు టైమివ్వండి," అన్నారు సారు. అంతే. నా మాట గానీ బాబాయిగారి మాట గానీ రాలేదు. అవతలివాళ్ళు గట్టిగానే ఏదో అంటున్నట్టు రిసీవర్‌లోంచి వినిపించింది. ఆయన అన్నిటికీ అవునండి, అవునండి అని ఫోను పెట్టేశారు.

కుర్చీ పట్టుకున్నాను. పొద్దుటినుంచి ఛాతీమీద పెట్టుకు మోసిన బరువేదో ఆ ఒక్క ఫోనుతో దిగిపోయింది. ఇంకా తిట్లు తింటానేమో, ఉద్యోగం పోతుందేమో, అవన్నీ అలాగే ఉన్నాయి. కానీ దాచాల్సింది ఇంకేమీ లేదు.

తరవాత సారు లేచి తన బీరువా తాళం తీశారు. పై అరలోంచి ఒక బిస్కెట్ల డబ్బా దించి, మూత తీసి బాబాయిగారి ముందు పెట్టారు. లోపల పౌడరు జల్లిన గుడ్డలో చుట్టి ఒక కొత్త రబ్బరు తొడుగు. బాబాయిగారు దాన్నీ సారునీ మార్చి మార్చి చూశారు. మళ్ళీ దొరకదేమోనని దాచానని, దాని సంగతి ఎవరికీ చెప్పలేదని సారు ఒప్పుకున్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"దాచినా రబ్బరు ముసలిదైపోద్దండి," అన్నారు బాబాయిగారు. అంతకంటే పెద్దమాట ఆయన ఎప్పుడూ అనలేదు సారుని.

పాత రాయి ఇక పనికిరాదు. దాన్నిండా జెల్ గడ్డకట్టి ఉంది. చెక్కపెట్టెలోంచి అదే లోతునుంచి తీసిన ఇంకో ముక్క తీసి, కడిగి, ఆరబెట్టి, మొదటినుంచి అంతా మళ్ళీ చేశాం. ఈసారి తొడుగు చుట్టూ యంత్రం నూనె వద్దని, నీళ్ళు పోసి వాటిలో రంగు కలుపుదామని బాబాయిగారు అన్నారు. తొడుగు కారితే ట్యూబులో రంగు కనపడుతుంది కదా అని ఆయన ఆలోచన. సారు వెంటనే సరేనన్నారు. రంగు తెచ్చింది కూడా బాబాయిగారే, మెయిన్ రోడ్డులో మిఠాయిలవాళ్ళకి సరుకులమ్మే కొట్లోంచి, జిలేబీలో వేసేది. నారింజరంగు నీళ్ళతో సిలిండరు నింపుతుంటే ల్యాబ్‌లోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. జిలేబీ ఎప్పుడు పెడుతున్నారని అడగనివాళ్ళు లేరు.

మూడువారాలు పట్టింది. జెల్ గడ్డకట్టేదాకా ఆగిన రోజుల్లో నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు. మళ్ళీ నీళ్ళు తోసిన రోజు సారు కూడా స్టూలు లాక్కుని మా దగ్గరే కూర్చున్నారు. పక్క ఒత్తిడి గేజి చూడటం ఆయన పని, ఆయనే పెట్టుకున్నారు. ముల్లు కదల్లేదు. నీళ్ళని లోపలికి తోసే పంపు ఒత్తిడి మాత్రం మునుపటికంటే బాగా పెరిగింది. అంటే నీళ్ళకి పాత దారి మూసుకుంది. ట్యూబులోకి స్వచ్ఛమైన నీళ్ళు పడుతున్నాయి, నారింజరంగు జాడ లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక నల్లచుక్క నీళ్ళమీద తేలింది. చాలాసేపటికి ఇంకొకటి. ఈసారి ధార కట్టలేదు. సాయంత్రానికి వచ్చిన నూనె మొదటిసారి వచ్చినదాంట్లో సగం కూడా లేదు. ట్యూబులు స్టాండులో పెట్టి, ఏసీ గది తలుపేసి వెళ్ళిపోయాం.

మర్నాడు పొద్దున్న ముగ్గురం ఒకేసారి వచ్చాం. చెప్పుకుని రాలేదు. సారు తలుపు దగ్గరే ఆగి నన్ను ముందు వెళ్ళమన్నారు. మొదటి ట్యూబు తలకిందులు చేశాను. కదల్లేదు. రెండోది, మూడోది. చివరిది చేతిలోకి తీసుకున్నప్పుడు బాబాయిగారు కింద తన అరచెయ్యి పట్టారు. తలకిందులు చేశాను. నూనె నెయ్యిలా పేరుకుని, నీళ్ళమీద మూతలా గాజుకి అంటుకుని ఉంది. ఒక్క చుక్క కూడా జారలేదు.

స్టూలుమీద కూర్చుని ఏడ్చేశాను. సారు కిటికీవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. బాబాయిగారు టీ చెప్పి వస్తానని వెళ్ళి ఎంతకీ రాలేదు. తరవాత తెలిసింది, ఆయన గేటు బయట నిలబడి కనిపించినవాళ్ళందరికీ ఈ సంగతి చెబుతున్నారట.

ఆఫీసర్లు వచ్చిన రోజు సారు బల్లమీద పాత తొడుగు, కొత్త తొడుగు పక్కపక్కన పెట్టించారు. మొదటి ఫలితం ఎందుకు తప్పో ఆయనే చెప్పారు, రెండోది నన్ను చెప్పమన్నారు. ఒకాయన, ఇంత తక్కువ నూనె కోసమా ఇంత శ్రమ అన్నారు. ఇంకొకాయన, తక్కువే అయినా నమ్మొచ్చు కదా అన్నారు. బావిలోకి ఇప్పుడే ఎక్కించొద్దని, ఇంకో మూడు రాళ్ళమీద చూసి అప్పుడు నిర్ణయిద్దామని తేల్చారు. నాకు అదే మంచిదనిపించింది. ఎవరిమీదా చర్య లేదు. నా ప్రాజెక్టు ఏడాది పొడిగించారు.

తరవాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ మూడు రాళ్ళూ దాదాపు అలాగే ఫలించాయి. ప్రాజెక్టు ముగిసి నేను వచ్చేశాక కోనసీమలో బావిలోకి జెల్ ఎక్కించారని, నీళ్ళు కొంత తగ్గి నూనె కొంత పెరిగిందని సారు ఒక ఉత్తరంలో రాశారు. ఉత్తరం మొత్తం నాలుగే వాక్యాలు. బాబాయిగారు మర్యాదగా రిటైరయ్యారు. ఆ రోజు అందరూ శాలువా కప్పుతుంటే, సారు మాత్రం ఆయన చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆఫీసర్లు వెళ్ళిపోయిన సాయంత్రం నేను సెలవు చీటీ రాసిచ్చి, బస్టాండుకెళ్ళి పాలకొల్లు బస్సెక్కాను. రావులపాలెం దాటేదాకా మెలకువగానే ఉన్నాను. సిద్ధాంతం దగ్గర వంతెనమీద గోదావరి గాలి ముఖానికి తగలడం తెలుసు. ఆ తరవాత ఏమీ తెలీదు. కండక్టరు భుజం తట్టి లేపేసరికి బస్సు ఖాళీగా ఉంది. మా ఊరి స్టాపు ఎప్పుడో దాటిపోయింది, పాలకొల్లు బస్టాండులో ఆపేశారు. "నాలుగుసార్లు పిలిచానండి. లేవలేదు," అన్నాడతను, తప్పు తనదైనట్టు. పర్లేదని చెప్పి దిగాను. మూడు వారాల్లో అంత నిద్ర పట్టడం అదే మొదటిసారి. సంచీ భుజాన వేసుకుని, కాలవగట్టు వెంట మా ఊరివైపు వెనక్కి నడవడం మొదలుపెట్టాను. ఆకలి దంచేస్తోంది.